దూర ప్రయాణమునకు తగిన మోటారు సైకిలు సీటు

గ్రేటర్ నోయిడా నుండి ఆగ్రాకు పోవు యమునా ఎక్స్‌ప్రెస్ వే పొడవు 165 కిలోమీటర్లు. 2012 ఆగస్టు 9వ తేదీన దీనిని రాకపోకలకు తెరచిరి. ఇది ఆరు వరుసల సిమెంటు కాంక్రీటు రోడ్డు. మలుపులు బహు తక్కువ. ఇట్టి రోడ్డుపై మోటారు సైకిలు నడుపువాడు గంటల తరబడి ఒకే భంగిమలో కూర్చుండును. మాటిమాటికి గేరు మార్చవలసిన పని లేదు, బ్రేకు త్రొక్కవలసిన పని లేదు, ప్రక్కకు వంగవలసిన అవసరము లేదు. ఊరి వీధులలో అడుగడుగునకు కదలవలసి వచ్చుటచే బయటపడని సీటు దోషము ఇచ్చట బయటపడును. జేవర్ టోల్ గేటు వరకు అంతయు హాయిగా నుండును. మథుర సమీపించునప్పటికి పిరుదులలో మంట పుట్టును. ఆగ్రాలో బండి దిగునప్పటికి కాలు నేలపై ఆనినదో లేదో తెలియనంతటి తిమ్మిరి పట్టును.

ఉద్యోగరీత్యా ఈ ప్రాంతమునకు వచ్చి స్థిరపడిన తెలుగువారిలో మోటారు సైకిలు యాత్రలపై మక్కువ గలవారు ఉన్నారు. శని, ఆదివారములలో మథుర, ఆగ్రా. వేసవి సెలవులలో హిమాచల్ కొండలు. ధైర్యము గలవారైనచో 1,500 కిలోమీటర్లకు మించిన దారిని నాలుగైదు దినములలో దాటి హైదరాబాదులోని తమ యింటికి కూడ పోవుదురు. వీరు హెల్మెటుకును, జాకెట్టుకును, దీపములకును, సామాను పెట్టెలకును ధారాళముగా ధనము వెచ్చింతురు. కట్టకడపట గాని సీటు మాట తలపునకు రాదు. వచ్చినప్పుడు కూడ పెక్కుమంది చేయునది ఒక్కటే: దుకాణములో అన్నిటికంటె మెత్తనిదానిని ఎంచుకొందురు. ఈ ఎంపికయే తరువాతి బాధకు మూలము.

మెత్తదనము వేరు, సుఖము వేరు

మోటారు సైకిలు సామగ్రికి ఢిల్లీలో పేరుపొందినది కరోల్‌బాగ్ బజారు. గ్రేటర్ నోయిడా నుండి అది నలుబది కిలోమీటర్ల పైమాట. అచ్చటి దుకాణములలో సిద్ధముగా చేసిన సీట్లు వ్రేలాడుచుండును. కోరిన విధముగా ఫోము కోసి రెగ్జిను కుట్టి యిచ్చు పనివారును గలరు. దుకాణదారుడు బొటనవ్రేలితో సీటును నొక్కి చూపి, "దూది వలె నున్నది సాబ్, చూడండి" అనును. కొనువాడు తానును నొక్కి చూచి తృప్తి పడును. 2014 మొదలు 2023 వరకు గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పో ప్రదర్శనలలో కూడ ఇదే దృశ్యము. నిలిపియున్న బండిపై ఒక్క నిమిషము కూర్చుండి, సీటు బాగున్నదని జనులు తల యూపిరి. కాని మొదటి నిమిషములో బాగున్న సీటు రెండవ గంటలో బాగుండునను నియమము లేదు. తరచుగా దీనికి విరుద్ధమే నిజము.

దీనికి కారణము శరీర నిర్మాణములో ఉన్నది. మనుష్యుడు కూర్చున్నప్పుడు భారమును మోయుటకు ప్రకృతి ఏర్పరచినవి పిరుదుల అడుగుననున్న రెండు ఎముకలు. గట్టి పీటపై కూర్చుండి అరచేతులను క్రింద నుంచినచో ఇవి చేతికి గ్రుచ్చుకొనుచు స్పష్టముగా తెలియును. ఈ రెండు ఎముకల నడుమనున్న మెత్తని భాగము భారము మోయుటకు ఏర్పడినది కాదు. జననాంగములకు పోవు నరములును, రక్తనాళములును ఆ భాగములో నున్నవి. వెనుకవైపున వెన్నుపూసల కొసయందు తోక ఎముక గలదు; అదియు భారమునకు ఓర్వదు.

సీటు మిక్కిలి మెత్తనిదైనప్పుడు ఆ రెండు ఎముకలు ఫోములోనికి దిగిపోవును. అప్పుడు నడుమనున్న ఫోము పైకి పొంగి, భారము మోయరాని భాగమును ఒత్తును. తిమ్మిరి పుట్టుట ఇందువలననే. మరికొంత సేపటికి ఫోము పూర్తిగా అణగి, ఎముక నేరుగా అడుగుననున్న గట్టి పలకకు తగులును. అనగా దూది వంటి సీటుకై ధనమిచ్చినవాడు తుదకు పలకపైననే కూర్చుండి ప్రయాణము చేయును!

లెక్క చూచిన విషయము మరింత విశదమగును. 1930లో యూజీన్ లాండిస్ అను శాస్త్రజ్ఞుడు చేతి గోటి మొదట నుండు సూక్ష్మ రక్తనాళములలోని ఒత్తిడిని నేరుగా కొలిచెను. రక్తము లోనికి వచ్చు కొన యందు అది సగటున 32 మిల్లీమీటర్ల పాదరసముగా తేలినది. ఇప్పుడు 70 కిలోల బరువు గలవానిని తీసికొందము. కాళ్ళును, చేతులును కొంత భారమును పంచుకొనగా సీటుపై 50 కిలోలు పడినదనుకొందము. శరీరము సీటుకు తగులు వైశాల్యము 500 చదరపు సెంటీమీటర్లైనచో ఒత్తిడి సుమారు 74 మిల్లీమీటర్లగును. సీటు సన్ననిదై 350 చదరపు సెంటీమీటర్లు మాత్రమే తగిలినచో అది 105కు పెరుగును. ఇది సగటు మాత్రమే. ఎముకల క్రింద ఇంతకంటె హెచ్చుగా నుండును.

అట్లని ఆరోగ్యవంతుడు భయపడవలసిన పని లేదు. అప్పుడప్పుడు కదలినచో చాలును, రక్తము మరల పారును. కాని ఈ లెక్క రెండు సంగతులు చెప్పుచున్నది. ఒకటి, భారమును ఎక్కువ వైశాల్యముపై పరచు సీటే మంచి సీటు. రెండవది, ఎంత మంచి సీటైనను మనిషి కదలకుండ కూర్చుండదగినది కాదు. వేల రూపాయల సీటు చేయునది బాధ పుట్టు సమయమును కొంత వెనుకకు నెట్టుట మాత్రమే. విక్రేతలు ఈ రెండవ సంగతిని చెప్పరు.

ఫోము, జెల్, గాలి దిండు

ఫోము యొక్క నాణ్యమును దాని సాంద్రత బట్టియు, గట్టిదనము బట్టియు నిర్ణయింతురు. ఈ రెండును ఒకటి కావు. సాంద్రత హెచ్చుగా నున్న ఫోము ఏండ్ల తరబడి ఆకారము చెడక యుండును. తక్కువ సాంద్రత గలది కొలది నెలలలో చప్పిడియగును. దూర ప్రయాణపు సీటుకు అడుగున గట్టి ఫోమును, దానిపై పలుచని మెత్తని పొరయు నుండుట మేలు. కుట్టువానికి ఈ మాట ముందుగా చెప్పవలెను. చెప్పనిచో అతడు పాత ఫోముపై మరియొక మెత్తని ముక్కను అంటించి పైన క్రొత్త రెగ్జిను బిగించును. పైకి అందముగానే యుండును.

ఒత్తినచో మెల్లగా అణగి మెల్లగా లేచు 'మెమొరీ ఫోము' 1966లో అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసా కొరకు చార్లెస్ యోస్ట్ జరిపిన పరిశోధనలో పుట్టినది. ఒత్తిడిని పరచుటలో ఇది మంచిదే. అయినను చలికి గట్టిపడును, వేడికి మెత్తబడును. గ్రేటర్ నోయిడాలో జనవరి ఉదయమునకును, జూన్ మధ్యాహ్నమునకును గల భేదము తెలిసినవారికి దీని ఇబ్బంది వేరుగ చెప్పనక్కరలేదు. సీటంతయు దీనితోనే చేయించుట తగదు. పై పొరగా వాడిన వాడవచ్చును.

జెల్ దిండు ఎముకల క్రింద ఒత్తిడిని పంచును గాని ఎండలో నిలిపిన బండిపై వేడిని పీల్చుకొని చాలసేపు విడువదు. బండిని నీడలో నిలుపు వసతి లేనివారికి ఇది అంతగా నప్పదు.

చిన్న చిన్న గదులుగా విభజింపబడిన గాలి దిండ్లు మరియొక రకము. వీనిని సీటుపై పరచి పట్టీలతో బిగింతురు. ఒక గది అణగగా అందలి గాలి ప్రక్క గదికి పోవుటచే ఒత్తిడి ఒకచోట నిలువదు. చక్రముల కుర్చీలలో కూర్చుండు రోగులకు ఒత్తిడి పుండ్లు పడకుండుటకు వాడు దిండ్లలోని సూత్రమే ఇది. వీనిని వాడువారు సాధారణముగా చేయు పొరపాటు బిగువుగా గాలి నింపుట. అట్లు నింపిన మనిషి బంతిపై కూర్చున్నట్లు ప్రక్కలకు ఊగును. మలుపులలో అది ప్రమాదకరము. నిండుగా ఊది, పైన కూర్చుండి, పిరుదులు సీటును తగిలీ తగలనట్లు వచ్చువరకు గాలి వదలవలెను. కొండలకు పోవువారు ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. 3,978 మీటర్ల ఎత్తుననున్న రోహతాంగ్ కనుమవద్ద వాయుపీడనము సముద్రమట్టమున నుండు దానిలో మూడింట రెండువంతుల కంటె తక్కువ. మైదానములో ఊదిన దిండు అచ్చట ఉబ్బును. దారిలో ఆగి కొంత గాలి వదలవలెను. దిగి వచ్చిన పిదప మరల నింపవలెను.

కొలతలు

చొక్కాకు కొలతలిచ్చువారు సీటుకు కొలతలియ్యరు. కూర్చుండు ఎముకల మధ్య దూరము మనిషికి మనిషికి భేదించును. సామాన్యముగా 10 మొదలు 15 సెంటీమీటర్ల వరకు నుండును, స్త్రీలలో కొంచెము హెచ్చు. దీనిని ఇంటివద్దనే కొలుచుకొనవచ్చును. అట్టపెట్టె ముక్కనొకదానిని గట్టి స్టూలుపై పరచి, పలుచని బట్టలతో దానిపై కూర్చుండి, కొంచెము ముందునకు వంగి ఒక నిమిషమాగి లేవవలెను. అట్టపై రెండు గుంటలు కనబడును. వాని నడుములు రెండిటి మధ్య దూరమే కావలసిన కొలత. సీటు వెనుకభాగము ఈ కొలత కంటె రెండువైపుల తగినంత వెడల్పుగా నుండవలెను. ముందుభాగము తొడలు ఒరసికొనకుండ సన్నగిల్లవలెను.

సీటు వాలు కూడ ముఖ్యమే. ముందునకు వాలిన సీటుపై మనిషి మాటిమాటికి పెట్రోలు ట్యాంకు మీదికి జారును. జారినప్పుడెల్ల చేతులతో వెనుకకు త్రోసికొనును. మణికట్లు నొచ్చుచున్నవని హేండిలు మార్చినవారిలో కొందరికి అసలు దోషము సీటు వాలులో నుండును. ఇక నడుము వెనుక ఎత్తుగా లేచి మనిషిని గిన్నెలో కూర్చుండబెట్టినట్లుండు సీట్లు చూచుటకు రాజసముగా నుండును. పొడవైన ప్రయాణములో ఇవి ఒక ఇబ్బంది తెచ్చును: ముందునకు గాని వెనుకకు గాని అంగుళము కదలనీయవు. కదలికయే మందు అని పైన చెప్పిన లెక్క వలన తేలినది గదా.

ఎత్తు విషయములో జాగ్రత్త అవసరము. ఫోము మూడు సెంటీమీటర్లు పెంచిన మోకాళ్ళకు సుఖము కలుగును గాని, పొట్టివారికి నిలిచిన బండిపై పాదములు నేలకు అందవు. సీటు వెడల్పైనను తొడలు ఎడమై అంతే ఫలితము కలుగును. సామానుతో బరువెక్కిన బండి నిలుచుచోట ఒరిగినచో ఆపుట కష్టము. కనుక క్రొత్త సీటు బిగించిన తోడనే, బూట్లు తొడిగికొని, రెండు పాదముల ముందుభాగములైనను నేలకు గట్టిగా ఆనునో లేదో చూచుకొనవలెను.

సీటును నిందించుటకు ముందు

నడుము నొప్పికి సీటు ఒక్కటే కారణమని తలచుట సరికాదు. కూర్చున్న మనిషి దేహము పైకి క్రిందికి ఊగు కుదుపులలో సెకనుకు నాలుగు మొదలు ఎనిమిది మార్లు వచ్చువానికి ఎక్కువగా లోనగునని పరిశోధనలు తెల్పుచున్నవి. గతుకుల రోడ్డు కుదుపులు ఈ జాతివే. వీనిని ఆపుట ఫోము పని కాదు; అది షాక్ అబ్జార్బరు పని. షాక్ అబ్జార్బరు చమురు కారి చెడియున్నను, దాని స్ప్రింగును బరువునకు తగినట్లు సరిచేయకున్నను, టైర్లలో గాలి హెచ్చుగా నున్నను ఎట్టి సీటు వేసినను వెన్నుకు దెబ్బ తప్పదు. మొదట వీనిని బాగుచేయించి, ఒకమారు ప్రయాణము చేసి, అప్పటికిని బాధ తగ్గనిచో సీటు సంగతి ఆలోచించుట వివేకము. ఖర్చు కూడ కలిసివచ్చును. మెత్తగా నుండుటకై టైర్ల గాలిని తయారీదారు చెప్పిన దానికంటె తగ్గించుట మాత్రము కూడదు.

ఇంజను నుండి వచ్చు సన్నని కంపనము వేరు. అది చేతులకును, పాదములకును, పిరుదులకును తిమ్మిరి కలిగించును. దీనిని ఫోము, జెల్ కొంతవరకు తగ్గింపగలవు.

చెమట మరియొక శత్రువు. మే, జూన్ నెలలలో ఈ ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు తరచుగా దాటును. 2023 సెప్టెంబరు 24న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ అంతర్జాతీయ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ పందెమును వేడి కారణముగా 24 చుట్ల నుండి 21 చుట్లకు తగ్గించిరి. రెండవ స్థానము పొందిన హోర్హె మార్టిన్ ఒంటిలో నీరు తగ్గి అస్వస్థుడయ్యెను. కఠిన శిక్షణ పొందిన యువకుని గతియే ఇట్లున్నది. ఆ పందెపు బండ్ల సీట్లు అట్టవలె పలుచగా నుండుట చూచి మోజుపడువారు కలరు. పందెగాడు ముప్పాతిక గంటలోపల దిగిపోవును. అంతసేపును సీటుపై నెమ్మదిగా కూర్చుండడు. యాత్రికుని అవసరము వేరు.

నల్లని రెగ్జిను ఎండకు కాలును, గాలి ఆడనీయదు. దానిపై చెమటతో తడిసిన చర్మము ఒరసికొని పొక్కులు, సెగగడ్డలు పుట్టును. గాలియాడు వల తొడుగును బిగువుగా కట్టినచో ఉపశమనము కలుగును. వదులుగా కట్టిన తొడుగు జారి మనిషిని పడవేయగలదు. కుట్లు కూర్చుండు ఎముకల క్రింద రాకుండ చూడవలెను. జీన్సు లాగుల దళసరి కుట్లకును ఇదే నియమము. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో తోక ఎముక వద్ద చర్మములో వెండ్రుకలు దిగబడి చీముపట్టు పైలోనైడల్ సైనస్ అను వ్యాధితో సుమారు 80,000 మంది అమెరికా సైనికులు ఆస్పత్రుల పాలైరి. జీపులలో కుదుపులతో, చెమటతో గంటల తరబడి కూర్చుండుటచే కలుగునని తలచి, 1944లో లూయీ బ్యూయీ అను వైద్యుడు దీనికి 'జీపు వ్యాధి' అని పేరు పెట్టెను. ఆ భాగమును కడిగి పొడిగా నుంచుకొనుట నేటికిని తగిన జాగ్రత్తయే.

వెనుక కూర్చుండువారు

సీటు మార్చు పురుషుడు తన సుఖమే చూచుకొని వెనుక కూర్చుండు భార్యను మరచుట తరచుగా జరుగుచున్నది. తన భాగమును వెడల్పుచేసి వెనుక భాగమును జానెడు చేయించును. నడుపువానికి పట్టుకొనుటకు హేండిలును, ముందున్న దారియు గలవు. వెనుకవారికి రాబోవు కుదుపు కూడ కనబడదు. అందుచే దెబ్బ వారికే ఎక్కువ. 1988 మోటారు వాహనముల చట్టము 128వ విభాగము ప్రకారము వెనుక ఒక్కరే కూర్చుండవలెను, అదియు గట్టిగా బిగించిన సరియైన సీటుపైననే కూర్చుండవలెను. పట్టుకొను పిడిని, పాదము పెట్టు ఫుట్‌రెస్టును, చీరె చెంగు చక్రములో పడకుండ నుండు కవచమును సీటు మార్పు పేరుతో తీసివేయరాదు. చీరె కట్టి ఒకప్రక్కకు కూర్చుండువారికి నడుము మెలికపడుట ఎక్కువ. దూర ప్రయాణమునకు సల్వారు తొడిగి ఇరువైపుల కాళ్ళు వేసి కూర్చుండుట అన్ని విధముల మేలు. సీటును అమర్చుటకై బండి చట్రమును కోయించుట, అతికించుట తగదు. నమోదు పత్రములోని వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను ఆ చట్టము 52వ విభాగము నిషేధించుచున్నది.

క్రొత్త సీటును పెద్ద యాత్రకు ముందు పరీక్షించుట అవసరము. గ్రేటర్ నోయిడా వాసులకు పరీచౌక్ నుండి మథుర వరకు పోయి తిరిగివచ్చిన చాలును. ఎన్నవ నిమిషమున మొదటి బాధ తెలిసినది, ఏ భాగమున తెలిసినది అను రెండు సంగతులను కాగితముపై వ్రాసికొని కుట్టువానికి చూపవలెను. "బాగులేదు" అన్నచో అతడేమి చేయగలడు? "గంటంబావుకు ఎడమ ఎముక క్రింద మంట" అన్నచో ఎచ్చట కోయవలెనో అతనికి తెలియును. చలికాలములో ఈ రోడ్డుపై పొగమంచు దట్టముగా నుండుటచే వేగపరిమితిని తగ్గించుచుందురు. పరీక్షకు ఆ ఉదయములు తగవు.

ప్రయాణములో గంటకొకసారియైనను దిగి అయిదు నిమిషములు నడవవలెను. రోడ్డు నిర్జనముగా, తిన్నగా నున్నచోట ఫుట్‌రెస్టులపై భారము మోపి పిరుదులను కొలది క్షణములు తేలికపరచుకొనవచ్చును. చాలసేపు కదలక కూర్చుండుటచే కాలి సిరలలో రక్తము గడ్డకట్టగలదని 1954లోనే జాన్ హోమన్స్ అను వైద్యుడు వ్రాసెను. నీరు త్రాగుట మానరాదు. మాటిమాటికి ఆగవలసివచ్చునని నీరు త్రాగనివారు రెండు విధముల నష్టపోవుదురు.

దిగిన అరగంటలో తగ్గు తిమ్మిరి సీటు లోపమే. మరునాటికిని తగ్గని తిమ్మిరి, పిరుదు నుండి పాదము వరకు ప్రాకు నొప్పి, పాదము బలహీనపడుట సీటు మార్చినందున పోవునవి కావు. వీనికి వైద్యుని చూడవలెను. ఒక పిక్క మాత్రమే వాచి నొచ్చుచున్నను ఆలస్యము చేయరాదు. తొడల నడుమ కూర్చుండు భాగమంతయు స్పర్శ పోయి, మూత్రము వెడలకుండుట గాని, మలమూత్రములు తెలియకుండ పోవుట గాని జరిగినచో వెన్ను లోపలి నరములు నలిగిన సూచన కావచ్చును. అప్పుడు బండి ఎక్కక, ఆ గంటలోనే పెద్ద ఆస్పత్రికి చేరవలెను. గ్రేటర్ నోయిడాలో ప్రభుత్వ వైద్య విజ్ఞాన సంస్థ గలదు. దారిలోనున్నవారు దగ్గరి జిల్లా ఆస్పత్రికి పోవలెను.

బండితో వచ్చిన పాత సీటును కుట్టువానికి ఇచ్చివేయరాదు. దాని పలకపైననే క్రొత్త ఫోము వేయించుకొన్నవారు, పని నచ్చకున్నచో, మరల మొదటి స్థితికి రాలేరు. వేరొక పలకను కొని దానిపై చేయించుకొని, పాతదానిని పొడి తావున భద్రపరచవలెను.